దడువాయి మొఖం

"వచ్చినవా కొడుకా? బాపును సంపుడు అయిపాయె, ఇగ పీనుగను సూడనీకి వచ్చినవా?"

సోమమ్మ చేతిల చాట ఉన్నది. కందిపప్పు చెరుగుతున్నది. మాట అన్నది గని చెరుగుడు ఆపలేదు. హైదరాబాద్ నుంచి తొలి బస్సుకు వచ్చిన సాయిలు గడప అవుతలనే నిలబడి చెప్పులు విడుస్తున్నడు. భుజం మీది సంచి ఇంకా దించలేదు.

"జర లోపలికన్న రానియ్యి అమ్మా."

"నిన్ను ఎవరాపిండ్రు? మీ కంపెనీకి ఉన్నట్టు మా గడపకు జవాను ఉన్నడా, సంచి ఇప్పి సూసెతందుకు?"

రేకుల కింద కాటమయ్య నులక మంచం బిగిస్తున్నడు. ఒక కాలు పట్టె మీద పెట్టి, తాడును రెండు చేతుల గుంజుతున్నడు. కొడుకు వచ్చిండని తెలుసు. తల ఎత్తలేదు. ఎత్తకున్నా ఆ మీసం కనబడుతనే ఉన్నది. చెంపల మీదికి పాకి, కొసలు మీదికి లేసిన మీసం. నల్లగొండ మార్కెట్ యార్డుకు వచ్చే రైతుల్లో సగం మందికి ఆ మనిషి పేరు తెల్వదు. "మీసాల దడువాయి కాంటా యాడున్నది?" అనే అడుగుతరు.

"ఏమే," అన్నడు కాటమయ్య, మంచంతోని మాట్లాడినట్టు. "మీవోడు తిని వచ్చిండా అడుగు."

సోమమ్మ కొడుకు దిక్కు మర్లింది. "తిన్నవా?"

"లేదు."

"తినలేదట."

"అయితే పెట్టు. పట్నంల వాళ్లకు అన్నం దొరుకుతదో లేదో. మనుషుల మొఖాలు తిని బతుకుతుండ్రు."

కాటమయ్యది అదొక పద్ధతి. కోపమొస్తే కొట్టడు, తిట్టడు. మాటను పెండ్లాం మీదికెళ్లి పంపుతడు. ఆమె పోస్టాఫీసు లెక్క ఇటుది అటు, అటుది ఇటు వేస్తుంటది. కొట్టేటోడే నయం. కొట్టినోడు సాయంత్రానికల్లా పిలిచి ఛాయ్ తాగుమంటడు.

సాయిలు సంచి దించి, క్యాలెండర్ కింది మేకు దిక్కు చూసిండు. మేకుకు ఇత్తడి బిల్ల వేలాడుతున్నది. యార్డుల సరుకు జోకే దడువాయిలకు ఇచ్చే బిల్ల అది. పొద్దున లేస్తే అంగీ జేబు మీద ఉండాలె. ఈ రోజు ఆదివారం, యార్డు బందే. అయితే ఆ బిల్ల ఆదివారం గూడ అంగీ మీదనే ఉండేది. పెండ్లిండ్లకు పోయినా, దవాఖానకు పోయినా తీసేటోడు కాదు.

"బాపూ, అది ఎందుకు తీసినవ్?"

కాటమయ్య తాడు గుంజిండు. మంచం కిర్రుమన్నది.

*

ఎదురింటి అహ్మద్ అలీ సైకిల్ గోడకు ఆనిచ్చి లోపలికి వచ్చిండు. యార్డుల కాటమయ్య జోకిన బస్తా మూతిని దబ్బనంతోని కుట్టేది అతనే. కాటమయ్య నోట తూకం పడ్డంకనే అహ్మద్ అలీ సుతిలి ఎక్కించేది. ఇద్దరికి ఇద్దరూ అట్లనే ముసలోళ్లయిండ్రు.

"సాయిలు బేటా, వచ్చినవు మంచిగైంది. మీ బాపు చెప్పడు, నేను చెప్త."

"ఏమే, ఆయనను చెప్పొద్దను," అన్నడు కాటమయ్య.

"నాతోని గూడ భాభీ మీదికెళ్లి మాట్లాడుతున్నవా? నీ మంచం నువ్వు నేసుకో." అహ్మద్ అలీ అరుగు మీద కూసున్నడు. "పానగల్ పోచయ్య తెల్సు కదా నీకు? ఆముదాలు తెచ్చిండు. ఎన్నేండ్ల సంది తెస్తుండో. అడ్తిదారు ఎవరైనా సరే, కాంటా మాత్రం మీ బాపుదే కావాలంటడు. మీ బాపు జోకిండు, తూకం చెప్పిండు. నేను దబ్బనం ఎత్తిన. అప్పుడు పోచయ్య కొడుకు, కాలేజిల చదివేటోడు, 'ఆగుండ్రి' అన్నడు. 'గీ కాంటా మీద గాదు, గా కాంటా మీద ఇంకోసారి జోకుండ్రి' అన్నడు. హమాలీలు నవ్విండ్రు. ఒకడు, 'జర దూరం జరుగుండ్రోయ్, కోపమొస్తే రాళ్లిసురుతడు' అన్నడు."

"పోచయ్య ఏమన్నడు కాకా?"

"ఏమనలే. గదే కదా బాధ. కొడుకు దిక్కు సూసిండు, మీ బాపు దిక్కు సూసిండు, ఆఖరికి నేల దిక్కు సూసిండు."

"జోకిండ్రా మల్ల?"

"జోకిండ్రు. గా కాంటా మీద గూడ గంతే వచ్చింది. గింజ ఎక్కువ లేదు, గింజ తక్కువ లేదు."

"మరింకేంది? బాపుదే నిజమైంది కదా."

అహ్మద్ అలీ అతని దిక్కు చూసిన చూపు, బడిల పంతులు మొద్దు పిలగాన్ని చూసినట్టు ఉన్నది.

"బేటా, రెండోసారి జోకిండ్రు. గంతే. ఇంకేం కావాలె?"

సోమమ్మ చాట ఆగింది.

దడువాయి రైతు మనిషి కాదు, అడ్తిదారు మనిషి కాదు. ఇద్దరి నడుమ కాంటా పట్టుకొని నిలబడ్డోడు. అమ్మేటోడు నమ్మాలె, కొనేటోడు నమ్మాలె. చదువు లేదు, భూమి లేదు. నోట్ల నుంచి వచ్చిన అంకె ఒక్కటే ఆస్తి. ఆ అంకెను ఇంకో కాంటా మీద పెట్టి చూసిన రోజు, అది సరిగ్గా తూగినా ఒకటే, తూగకున్నా ఒకటే.

"నా కొడుకు ఆ ఆటల దుకాణం పెట్టకుంటే గీ లొల్లి లేకుండె," అని అహ్మద్ అలీ లేసిండు. "మెహమూద్‌ను రాత్రి తిట్టిన. వాడు ఏమన్నడో తెల్సా? 'ఆట నేను తయారు చేసిన్నా? సాయిలు చేసిండు, నేను పెట్టిన' అన్నడు."

*

గడియారం సెంటర్ దాటినంక సందుల ఉన్నది మెహమూద్ దుకాణం. ముందు టీవీలకు పెట్టే వీడియో గేములు ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చినయి. పరదా దించి ఉన్నది. లోపల పోరగాండ్లు కుర్చీ మీద ఇద్దరిద్దరు కూసొని ఉన్నరు. సాయిలు పరదా జరిపి లోపలికి పోయెసరికి ఒక తెర మీద తండ్రి మొఖం నిలబడి ఉన్నది.

ఆ మొఖాన్ని అంటించింది తనే.

హైదరాబాద్‌ల ఆ కంపెనీ బిల్డింగు ఐదు అంతస్తులు. అమెరికా వాళ్ల ఆటలకు ఇక్కడ బొమ్మలు చేస్తరు. ఒక అంతస్తుల గోడలు, గుమ్మాలు, బజార్లు గీస్తరు. ఇంకో అంతస్తుల బొమ్మలకు నడక నేర్పుతరు. మూడో అంతస్తుల మొఖాలు. సాయిలు ఉండేది అక్కడ. నల్లగొండల దుకాణాల బోర్డులు రాసుకుంటుండేటోడు, కంప్యూటర్ నేర్చుకొని అక్కడ చేరిండు. వాళ్లు బొమ్మ పుర్రె ఒకటి ఇస్తరు, దాని మీద తోలు కప్పాలె. కండ్లు, ముడతలు, మచ్చలు. ఎండకాలంల గూడ స్వెటర్ వేసుకొని కూసోవాలె, అంత చల్లగా పెడతరు యంత్రాల కోసం. మనుషుల కోసం కాదు.

మీది అంతస్తుల ఆడేటోళ్లు ఉంటరు. ఊర్లె వాళ్లు సాయిలును చూసి, "నీకేందిర, ఆటలాడితె జీతమిస్తరట" అంటరు. ఆ ఆడేటోళ్లది చూస్తే ఎవ్వడూ అనడు. ఒక్కటే తలుపును పొద్దటి సంది పొద్దుగూకే దాక తెరుచుడు, మూసుడు, తన్నుడు, ఎగిరి దుంకుడు. ఎక్కడన్న బొమ్మ గోడల ఇరుక్కుంటదేమోనని చూసుడు. ఏళ్లు వాచి, సాయంత్రం అన్నం కలుపరాదు.

ఎవనిది వానికే తెలుసు. గోడలు గీసినోనికి ఆ గోడ అవుతల ఎవడున్నడో తెల్వదు. ఆఖర్ల పేర్లు పడతయి గని అన్నీ అక్కడి వాళ్లవే. ఇక్కడి వాళ్ల పేరు ఒక్కటి గూడ పడదు. పోయినేడు ఒక బజారు సీన్‌కు మొఖం కావాలంటే, సాయిలు తండ్రిని స్టూడియోకు తీసుకపోయి ఫోటో దించిండు. తన పేరు ఎట్లా ఉండదు, ఇంటిది ఏదన్న ఒకటి అందుల ఉండాలని. బొమ్మ చేతికి కాంటా ఇచ్చిండు. బజారుల కూసొని బాటసారికి గింజలు జోకి ఇచ్చే మంచి మనిషి. "బాపూ, నువ్వు అందుల గూడ దడువాయివే" అన్నడు.

కాటమయ్య యార్డంతా చెప్పుకున్నడు. అందరికీ ఛాయ్ తాగిపిచ్చిండు.

ఆ మంచి మనిషి ఆడేటోళ్లకు నచ్చలేదట. ఊకె కూసుంటడు, ఏం పని చెయ్యడు, విసుగొస్తున్నది అన్నరట. అక్కడోళ్లు కథ మార్చిండ్రు. మొఖం మంచిగున్నది, పారేసుడెందుకని అదే మనిషిని దొంగల నాయకున్ని చేసిండ్రు. కాంటా గూడ తీసెయ్యలేదు. ఎడమ చేతిల కాంటా, కుడి చేతితోని తూకం బాట్లు ఇసురుతడు. కిలో రాయి తగిలితే కొంచెం ప్రాణం పోతది, ఐదు కిలోలది తగిలితే సగం పోతది.

చదువుకున్నోళ్లకు ఒక సుఖమున్నది. ఏం చేసినా దానికి ఇంగ్లిషుల ఒక పేరు పెట్టుకుంటరు. దీన్ని 'చేంజ్' అన్నరు.

"సావు ముసలోడా!" అని ఒకడు మీటలు టకటక కొట్టిండు. తెర మీద మీసాలు వెనుకకు విరుచుకపడ్డయి. కాంటా కింద పడ్డది. తలుపు తెరుచుకున్నది. కుర్చీల పోరడు మర్రి చూసి సాయిలును గుర్తుపట్టిండు. పక్కోన్ని మోచేత్తోని పొడిచిండు. ఇద్దరూ పరదా ఎత్తుకొని బయటికి ఉరికిండ్రు.

"గిరాకీని ఎల్లగొట్టనీకి వచ్చినవా భాయ్?" అన్నడు మెహమూద్.

"అది తీసెయ్ మెహమూద్."

"తీసేస్త. ఇప్పుడే తీసేస్త. బస్టాండు కాడ ఒకడు పెట్టిండు, కాలేజి ముంగట ఒకడు పెట్టిండు. వాళ్లవి ఎవరు తీస్తరు?"

"ముందు నువ్వు తియ్యి."

"సీడీ ఎవరిచ్చిండ్రు నాకు? నువ్వే. మిఠాయి డబ్బతోని సహా ఇచ్చినవ్. 'మా బాపును సూపియ్యి అందరికి' అన్నవ్. సూపిచ్చిన."

"నాకు తెల్వదు రా అప్పుడు. మాకు సూపియ్యకముందే సీడీలు పంచిండ్రు. మా అంతస్తుల ఎవ్వరికీ తెల్వదు."

మెహమూద్ చెడ్డోడు కాదు. కిరాయి కట్టుకోవాల్సినోడు. కుర్చీ ఒకటి జరిపి, "కూసో. ఒకటి చెప్త," అన్నడు. "కాక వచ్చిండు ఇక్కడికి."

"బాపా? ఎప్పుడు?"

"నిన్న పగటీలి. ఎవ్వరూ లేనప్పుడు సూసుకొని వచ్చిండు. చెప్పులు బయట ఇడిసిండు, మసీదుకు వచ్చినట్టు. 'నన్ను సూపియ్యి' అన్నడు. సూపిచ్చిన. సప్పుడు చెయ్యకుండ సూసిండు. నేను సంపలేదు భాయ్, ఖసమ్. కాక ముంగటనే ఎట్ల సంపుదు? ఆయన రాళ్లిసురుతుంటె నేను తప్పించుకుంట నిలబడ్డ. నేనే సచ్చిన."

"ఏమన్నడు?"

"ఒక్కటే మాట అడిగిండు. 'గీయనను సంపకుండ గా తలుపుల నుంచి పోరాదా?' అన్నడు. 'పోరాదు కాకా, ఆయన సస్తెనే తలుపు తెరుచుకుంటది' అన్న. తల ఊపిండు. చెప్పులేసుకొని పోయిండు."

*

సాయిలు ఇంటికి వచ్చెసరికి పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది. కాటమయ్య మంచం నేసుడు అయిపోయింది. దాని మీదనే కూసొని ఉన్నడు. సాయిలు గోడకు ఒరిగి కూసొని, ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్వక, కాలి గోరు గిల్లుకుంటున్నడు. ఆ గిల్లుడు చూసి సోమమ్మకు అనుమానమొచ్చింది. చిన్నప్పుడు సిలేటు పోగొట్టుకొని వచ్చినప్పుడు గూడ అట్లనే గిల్లుకునేటోడు.

"ఇంకేమున్నది నీ కడుపుల?"

"ఏం లేదు."

"ఏం లేనోనివి హైదరాబాద్ నుంచి ఉరికి రావు. మీ బాపు బిల్ల తీసిండని నీకు ఎవరు చెప్పిండ్రు? ఎవ్వరూ చెప్పలె. ఇక్కడికి వచ్చినంకనే తెల్సింది నీకు. మరెందుకొచ్చినవ్?"

సాయిలు ఇంకో కాలి గోరు గిల్లుకున్నడు.

"అడుగుతున్న నిన్నే!"

"మా సార్ వస్తుండమ్మా. విభాకర్ సార్ అని, మా మొఖాల పని ఆయన చూస్తడు. విజయవాడ పోయిండు, కార్ల మర్రి వచ్చుకుంట మనింటికి వస్తనన్నడు. ఇంకో గంటకు వస్తుండొచ్చు."

"ఎందుకు?"

"రెండో భాగం చేస్తుండ్రు, గదే ఆటది. అమెరికా వాళ్లకు బాపు మొఖం మస్తు నచ్చింది. ఈసారి పెద్దగ చేస్తరట. అన్ని దిక్కుల నుంచి ఫోటోలు కావాలె. నవ్వితే ఎట్లుంటడు, కోపమొస్తే ఎట్లుంటడు, ఒర్లితే ఎట్లుంటడు..."

సోమమ్మ గరిటె పప్పుల ఇడిసిపెట్టింది.

"అందుకొచ్చినవా?"

"అమ్మా, నేను..."

"నీ కాళ్లు మొక్కాలె కొడుకా. ఒకసారి సంపింది సాల్లేదా? ఇగ ఒర్లుడు గూడ ఫోటో తీసుకుంటరా?"

"ఏమే," అన్నడు కాటమయ్య.

సోమమ్మ మొగని దిక్కు మర్లింది.

"ఫోటో దిగను అంటే ఏమైతదో అడుగు మీవోన్ని."

"దిగకుంటే ఏమైతది?"

సాయిలు తండ్రి దిక్కే చూసుకుంట, తల్లికి చెప్పిండు. "ఆట ఒకటి అయిపోతే మనుషులు గూడ అయిపోతరమ్మా మా కాడ. మొన్న ఆట బయటికి పోయిందో లేదో, సగం కుర్చీలు ఖాళీ చేపిచ్చిండ్రు. రెండో భాగంల ఉన్నోడే ఉంటడు. మా నాయన ఒప్పుకుంటడు సార్ అని చెప్పిన. నన్ను అందుల పెట్టిండ్రు."

"ఒప్పుకుంటడని అడగకముందే చెప్పిండట," అన్నది సోమమ్మ.

"ఇన్న. ఇంకోటడుగు. తయారైనంక ఆ ఆటను కంపెనీల అందరికీ సూపిచ్చిండ్రా?"

"సూపిచ్చిండ్రా?"

"సూపిచ్చిండ్రు. కింద పెద్ద హాలుల, గోడంత తెర మీద."

"నేను పడి సచ్చే జాగ గూడ సూపిచ్చిండ్రా?"

సోమమ్మకు ఈ మాట అటు అందియ్యబుద్ధి కాలేదు. సాయిలే జవాబిచ్చిండు. "సూపిచ్చిండ్రు. నాకు అప్పుడే తెల్సింది."

"అందరు సప్పట్లు కొట్టిండ్రా?"

"కొట్టిండ్రు."

కాటమయ్య మీసం కొసను రెండు వేళ్లతోని తిప్పిండు. తూకం చెప్పేముందు ముల్లు నిలిచేదాక అట్లనే తిప్పుకుంట ఆగుతడు, యార్డుల.

"మీవోడు గూడ కొట్టిండా అడుగు."

సోమమ్మ కొడుకు దిక్కు చూసింది. అడగలేదు. అడిగే పని లేకుండనే సాయిలు తల దించిండు.

"కొట్టిన."

"...కొట్టిండట," అన్నది సోమమ్మ, పొయ్యి దిక్కు మర్రి.

కాటమయ్య లేసిండు. దండెం మీది తువ్వాల తీసి భుజాన వేసుకున్నడు. తిట్టలేదు, చెప్పు విసరలేదు. బిల్ల వేలాడే మేకు కాడ ఒక క్షణం నిలబడ్డడు, దాన్ని ముట్టుకోలేదు.

"యాడికి?" అన్నది సోమమ్మ.

"బజారు దాక. ఫోటో దిగాలంటున్నరు కదా. గిట్లనే దిగుతరా ఎవరన్న?"

తండ్రి పోయిండు. సాయిలుకు ప్రాణం కొంచెం లేసొచ్చింది. "ఒప్పుకున్నడమ్మా," అన్నడు.

సోమమ్మ పప్పు దించింది. నలభై ఏండ్లు దగ్గరికి వచ్చింది ఆ మనిషితోని సంసారం. ఒప్పుకున్నప్పుడు ఎట్ల నడుస్తడో ఆమెకు తెలుసు.

*

కారు సందుల పట్టలేదు. విభాకర్ మలుపు కాడనే ఆపి నడుచుకుంట వచ్చిండు. మెడల కెమెరా, చేతిల పూతరేకుల డబ్బ. మంచి మనిషే. ఇసుమంత గర్వం లేదు. కొత్తగ నేసిన మంచం మీద కూసొని, "ఏమ్మా, బాగున్నారా? మీ వాడు మా దగ్గర ప్రాణం పెట్టి పనిచేస్తాడండీ," అన్నడు.

"ప్రాణం పెట్టుడు తెల్సు సారూ," అన్నది సోమమ్మ. ఛాయ్ గ్లాసు చేతికిచ్చింది.

"పెద్దాయన ఏరీ?"

"బజారుకు పోయిండు. వస్తడు."

"ఆయన ముఖం చూసి వాళ్లు పిచ్చెక్కిపోయారండీ. ఇలాంటి మీసం వాళ్లు ఊహించి కూడా గీయలేరంటున్నారు. రెండో భాగం అట్ట మీద బొమ్మ కూడా ఆయనదే వేద్దామంటున్నారు. ఊళ్లో అందరికీ తెలిసిపోతారు."

"తెల్సిండు సారూ. ఇప్పటికే మస్తు తెల్సిండు."

సాయిలు, "అమ్మా" అని కండ్లతోని బతిమాలిండు. విభాకర్‌కు ఆమె మాటల ఉన్న ముల్లు తెలువలేదు. తెలియకుండ ఉండనీకే అంత పెద్ద బిల్డింగులు కట్టుకుంటరేమో.

సందు మొదట్ల సైకిల్ కిందపడ్డ సప్పుడైంది. ఆ వెంటనే అహ్మద్ అలీ గొంతు.

"యా అల్లా! కాటమయ్యా! ఎవరు పోయిండ్రు? నాకు చెప్పనన్న లేదు, ఎవరు పోయిండ్రు?"

ఇరుగుపొరుగు ఆడోళ్లు తలుపులల్లకు వచ్చిండ్రు. ఎవరో "అయ్యో" అన్నరు. కాటమయ్య నడుచుకుంట వచ్చి గడపల నిలబడ్డడు.

మీసం లేదు.

ఇంత మొదలు గూడ ఉంచకుండ నున్నగ తీపిచ్చుకున్నడు. ఈ దిక్కు తల్లో తండ్రో సస్తేనే మీసం తీస్తరు. కాటమయ్య తండ్రి పోయినప్పుడొకసారి, తల్లి పోయినప్పుడొకసారి తీసిండు. ఇగ తియ్యాల్సిన సావు ఆ ఇంట్ల మిగలలేదు. ఎండ తగలని ఆ జాగ తెల్లగ, చిన్న పిల్లల తోలు తీరుగ ఉన్నది. దాని చుట్టూ ఉన్న మొఖం వేరే ఎవరిదో అనిపిస్తున్నది.

సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఎవరి పేరున తీసినవయ్యా?" అన్నది.

కాటమయ్య మంచం కాడికి వచ్చి విభాకర్ ముందు నిలబడ్డడు.

"నమస్తే సారూ. మొఖం కావాలంటిరట. తీసుకోండ్రి."

విభాకర్ గ్లాసు కింద పెట్టి లేసిండు. ఒకసారి ఆ మొఖం దిక్కు, ఒకసారి సాయిలు దిక్కు చూసిండు. సాయిలు ఇగ అయిపాయె అనుకున్నడు. ఆట పాయె, కుర్చీ పాయె. ఎక్కడో లోపల, బాపు మొఖం దక్కె, అని గూడ అనుకున్నడు.

విభాకర్ మాత్రం నవ్విండు. ఇబ్బంది పడ్డ మనిషిని ఓదార్చే నవ్వు.

"అయ్యో, దానికేముందండీ పెద్దాయనా! మీరేం కంగారు పడకండి. ఇలాగే నయం, పెదాల కదలిక బాగా తెలుస్తుంది. మీసం మా దగ్గర ఉంది కదా, పాత ఫోటోలో. ఇప్పుడు మీరు కూర్చోండి చాలు. మీసం సాయి పెట్టేస్తాడు. అదెంతసేపు, అరపూట పని."

కెమెరా మూత తీసిండు. "సాయీ, ఆ కుర్చీ ఇలా వెలుతురులోకి లాగు."

కుర్చీ సాయిలు పక్కనే ఉన్నది. చెయ్యి చాపితే అందుతది. గడపల అహ్మద్ అలీ నిలబడ్డడు, ఆయన వెనుక సందు సందంతా నిలబడ్డది.

కాటమయ్య మర్రిండు. పెండ్లాం దిక్కు చూడలేదు. ఏమే అనలేదు. వాకిలి ఇటు కొసన ఉన్న కొడుకు కండ్లల్లకు నేరుగా చూసిండు.

"పెడ్తవా సాయిలూ?"